గుల్ల ఇసుక

గీనో రెండో గుద్దుకి ఫిర్మిన్ నోట్లోంచి పన్ను ఎగిరి వచ్చి అయిమే బీరు గ్లాసులో పడింది. నురగ మీద ఒక్క క్షణం ఆగి, అడుక్కి దిగిపోయింది.

అయిమే గ్లాసు వంకే చూస్తూ కూర్చున్నాడు. తల ఎత్తితే ఫిర్మిన్ కళ్ళలోకి చూడాల్సి వస్తుంది.

"ఇంకోటి కావాలా? నీ నోట్లో ఇంకా చాలానే ఉన్నట్టున్నాయి," అన్నాడు గీనో. మాంసం దుకాణం మూసి తిన్నగా వచ్చాడు. ముంజేతుల మీద కొవ్వు ఇంకా మెరుస్తోంది.

ఫిర్మిన్ వచ్చి మూడు నిమిషాలు కూడా కాలేదు. ఏడాది తర్వాత ఓదీల్ కెఫేలో అడుగుపెట్టడం ఇదే. చంకలో ఒక చెక్కపలక పట్టుకొచ్చి బల్లమీద పెట్టాడు. దానిమీద తెల్లరంగుతో రాసి ఉంది: 'ఈసారి జెండా పట్టుకున్న చెయ్యి ఉండదు.'

"మీవాళ్ళు నా గేటుకి కొట్టారు," అన్నాడు. "మేకులు పనికొస్తాయని ఉంచుకున్నా. పలక మీది. ఆదివారం పందేనికి నేను నా చోట నిలబడతా. మా నాన్న నిలబడ్డ చోటే. పొలం నాది, గట్టు నాది. దొంగచాటుగా ఎందుకని చెప్పడానికొచ్చా."

గీనో మొదటి గుద్దు అప్పుడు పడింది. రెండోదానికి పన్ను ఊడింది.

ఇప్పుడు ఫిర్మిన్ చొక్కా చేతితో నోరు తుడుచుకుని, గీనోని వదిలేసి అయిమే వైపు తిరిగాడు.

"అయిమే. పోయినేడు రోడ్డుకి అవతల, సరిగ్గా నా ఎదురుగా నిలబడింది నువ్వొక్కడివే. వీళ్ళంతా పై మలుపులో ఉన్నారు. చెప్పు. నా జెండా వాన్నెస్ సైకిల్‌కి తగిలిందా?"

కెఫేలో నలభైమంది ఉన్నారు. నాలుగు గోడల మీదా వాన్నెస్ ఫోటోలే: బురదలో వాన్నెస్, పూలగుత్తితో వాన్నెస్, మొదటి సైకిల్ మీద ఆరేళ్ళ వాన్నెస్. సైకిల్ పందేల్లో దిగే ఆ రౌతు ఓదీల్ మేనల్లుడు. అతని అభిమాన సంఘానికి ఓదీల్ అధ్యక్షుడు, ఆ కెఫేయే ఆఫీసు.

ఓదీల్ బల్ల వెనక గ్లాసు తుడుస్తూనే ఉన్నాడు. అతను ఎప్పుడూ గొంతు పెంచడు.

"అయిమేని ఎందుకు ఇబ్బంది పెడతావు? పోయినేడే చెప్పాడుగా. పోలీసు అడిగితే ఏమన్నాడు? ఒకే ఒక్క మాట. జెండా."

"జెండా!" అన్నారెవరో వెనక నుంచి. ఇంకొకడు బల్ల చరిచాడు. అందరూ అందుకున్నారు. "జెండా! జెండా! జెండా!"

అయిమే నోరు తెరిచాడు. "వానలో... నేను సరిగ్గా..."

"సరిగ్గానే చూశావులే," అన్నాడు ఓదీల్. "రాళ్ళు పరిచేవాడి కళ్ళవి. వెంట్రుకవాసి తేడా కూడా దాటిపోదు."

గీనో ఫిర్మిన్ కాలరు పట్టి ఈడ్చుకుపోయాడు. గుమ్మం దగ్గర ఆగాడు. తలుపుకి బలమైన స్ప్రింగు ఉంది, ఒక చేత్తో రాదు. తలుపు పక్క కుర్చీ అయిమేది.

"అయిమే, తలుపు."

అయిమే లేచి తలుపు లాగి పట్టుకున్నాడు. ఫిర్మిన్ అతని పక్కనుంచే, అతని బూట్లు తొక్కుకుంటూ బయటికి వెళ్ళి మెట్ల మీద పడ్డాడు. మోచెయ్యి రాతికి కొట్టుకున్న చప్పుడు వినిపించింది. అయిమే తలుపు వదిలేశాడు. అది దానంతటదే మూసుకుంది.

బల్ల దగ్గరికి వచ్చేసరికి ఓదీల్ గ్లాసు మార్చేసి ఉంచాడు. అయిమే తాగాడు.

*

హోండెల్‌బెర్గ్ గుట్ట మీదికి వెళ్ళే రాళ్ళరోడ్డు ఆరువందల గజాలు. పురపాలక సంఘం తరఫున దాన్ని ఇరవైఆరేళ్ళుగా చూసుకుంటున్నది అయిమే. ప్రతి వసంతంలో సైకిల్ పందేనికి ముందు రాయి రాయినీ సుత్తితో తట్టుకుంటూ పైదాకా వెళతాడు. గట్టిగా కూర్చున్న రాయి ఖంగుమంటుంది. కింద పట్టు లేని రాయి గుల్లగా పలుకుతుంది. గుల్ల పలికినదాన్ని గడ్డపారతో ఎత్తి, కింద నల్ల కంకరపొడి సర్ది, దారం కట్టి మట్టం చూసి, మళ్ళీ దించుతాడు. సందుల్లోనూ కంకరపొడే కూరాలి. వాలు మీద సన్న ఇసుక వాడకూడదు. నీళ్ళొస్తే ఇసుక వెళ్ళిపోతుంది, దానితో రాయి పట్టూ పోతుంది. కొత్తగా పనిలో చేరేవాళ్ళకి మొదటిరోజు అతను చెప్పే మాట ఇదొక్కటే.

ఈ ఏడు జాబితాలో అన్నీ అయిపోయాయి. ఒక్క రాయి మిగిలింది. శుక్రవారం పొద్దున దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

ఎడమ అంచున, ఫిర్మిన్ పొలం కంచె పక్కన, నీటికాలవకి ఆనుకుని ఉంది ఆ రాయి. దానిమీద తెల్లరంగు పెచ్చులు ఇంకా ఉన్నాయి. పందేనికి ముందు శనివారం అభిమానులు రౌతు పేరు రోడ్డు మీద రాయడం అక్కడి అలవాటు. వాన్నెస్ పేరులో రెండో 'ఎన్' ఈ రాయి మీద పడింది. పోయినేడు అందరికన్నా నలభై సెకన్లు ముందు ఒంటరిగా వస్తున్న వాన్నెస్ సరిగ్గా ఇక్కడే పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. పేపరు ఫోటోలో సైకిల్ చక్రం కింద పసుపు జెండా, జెండా మీద నల్ల సింహం, కర్ర ఫిర్మిన్ చేతిలో.

ఆ మర్నాడు అయిమే ఒంటరిగా వచ్చి, ఒక మూల లేచిన రాయిని పైనుంచే నాలుగు దెబ్బలు కొట్టి దించేశాడు. ఎత్తి చూడలేదు. ఎత్తితే తన చేతిపనిలో తప్పు బయటపడుతుందని భయం.

ఇప్పుడు తట్టాడు. గుల్ల.

గడ్డపార మొన సందులో పెట్టాడు. పైన పెంకులా ఎండిన రంగు పగిలింది. కింద నల్లగా కంకరపొడి కనిపించాలి. తెల్లగా ఏదో కనిపించింది. వేలితో తీసి అరచేతిలో వేసుకున్నాడు. సన్నటి ఇసుక. మధ్యలో గోరుముక్కల్లా నలిగిన గుల్లలు.

పక్క సందు తీశాడు. అదే. దాని పక్కది. అదే. ఆ ఎడమ వరస పొడుగునా, పేరు రాసిన మేరకి, సందుల్లోని కంకర అంతా ఎవరో ఇనపకొక్కెంతో గీకి తీసేసి గుల్ల ఇసుక పోశారు. పైన రంగు పూసేశారు.

అయిమే మడమల మీదికి జరిగి కూర్చున్నాడు.

శనివారం ఇరవైమంది మోకాళ్ళ మీద వంగి పేరు రాస్తుంటే, ఎవడి చేతిలో కుంచె ఉంది, ఎవడి చేతిలో కొక్కెం ఉంది అని ఎవరు చూస్తారు? వాన్నెస్ ఎప్పుడూ ఎడమ అంచునే ఎక్కుతాడు. అతని చక్రం సందుల్లో కొట్టుకోకుండా నున్నగా పోవాలని మేనమామ దారి మెత్తన చేశాడు. పందెంరోజు వాన పడింది. ఈ రాయి మూల ఇసుక కొట్టుకుపోయింది. రాయి లేచింది.

గుల్ల ఇసుక ఎవరింట్లో ఉంటుందో ఊళ్ళో పసిపిల్లకి కూడా తెలుసు. పాటపిట్టల పెట్టెల్లో అడుగున పోస్తారు. పిట్టలు గుల్లముక్కలు ఏరుకు తింటాయి. ఓదీల్‌కి పదకొండు పిట్టలు. ప్రతి ఆదివారం పెట్టెలు వరసగా రోడ్డు పక్కన పెట్టుకుని, గంటలో ఎవరి పిట్ట ఎన్నిసార్లు పాడిందో కర్రల మీద సుద్దగీతలు గీసే పోటీల్లో మూడేళ్ళుగా గెలుస్తున్నది అతనే.

అయిమేకి ముందు కలిగింది సంతోషం. నా తప్పు కాదు. ఏడాదిగా గుండెలో కూర్చున్న రాయి నాది కాదు. గట్టిగా నవ్వు కూడా వచ్చింది.

కంచె అవతల ఫిర్మిన్ ఆవుల్ని తోలుకుపోతున్నాడు. పెదవి వాచి ముక్కుదాకా వచ్చింది. ఎడమ చెయ్యి కండువాలో వేలాడుతోంది. అతని వెనక కుక్క లేదు. పోయినేడు మే నెలలో ఎవరో విషం పెట్టారు. ఫిర్మిన్ ఇటు చూడలేదు.

అయిమే నవ్వు ఆగిపోయింది. రొట్టెలు తెచ్చుకున్న రేకుడబ్బా ఖాళీ చేసి, ఆ ఇసుక నింపుకున్నాడు. తర్వాత వరసంతా ఎత్తి, కంకరపొడి కూరి, మట్టం చూసి దించాడు. మధ్యాహ్నం రెండయింది. తట్టాడు. అన్నీ ఖంగుమన్నాయి.

*

ఓదీల్ కెఫే వెనక పెరట్లో పిట్టల పెట్టెలు కడుగుతున్నాడు. గీనో ఆదివారానికి రక్తపు సాసేజ్‌ల బుట్టలు దింపుతున్నాడు. అయిమే డబ్బా మూత తీసి పెట్టె మీద పెట్టాడు.

ఓదీల్ చూశాడు. వేలు పెట్టి కలిపాడు. "మా ఇసుకే. ఎక్కడ దొరికింది?"

"నీకు తెలుసు."

"తెలుసు," అన్నాడు ఓదీల్ ఏమాత్రం తడబడకుండా. "నీ రాళ్ళు వాడి నడుం విరగ్గొడుతున్నాయి అయిమే. ఇటలీవాళ్ళకి, ఫ్రాన్సువాళ్ళకి డాక్టర్లున్నారు, డబ్బుంది. మావాడికి మేమేగా ఉన్నది? ఇరవై అడుగులు నున్నగా చేస్తే వాడికి రెండు సెకన్లు కలిసొస్తాయి."

"వాడి తుంటి విరిచింది నువ్వే ఓదీల్."

పెరట్లో పిట్టొకటి పాట మొదలుపెట్టి ఆపేసింది. ఓదీల్ తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"జెండా అన్నది ఎవరు? నేనా? నేను పై మలుపులో ఉన్నా. నువ్వంటే నమ్మాను. నేను నమ్మాను, ఊరు నమ్మింది. ఇప్పుడు రాయి అంటావా? సరే, అను. ఆ రాయి ఎవరిది? రోడ్డు బాగుందని సంతకం పెట్టిందెవరు? పట్టు లేని రాయి పెట్టి, మావాణ్ణి పడేసి, నేరం ఫిర్మిన్ మీదికి నెట్టి, ఏడాది తర్వాత డబ్బాడు ఇసుక పట్టుకొచ్చావని నేనంటా. ఎవరి మాట నిలుస్తుంది?"

"ఫిర్మిన్ కుక్కని చంపారు. పళ్ళు రాలగొట్టారు."

"తలుపు తీసి పట్టుకున్నది నువ్వు కాదూ?" అన్నాడు గీనో వెనక నుంచి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

అయిమే డబ్బా తీసుకోబోయాడు. గీనో అతని కుడిచెయ్యి పట్టుకుని పిట్టపెట్టె అంచు మీద అణిచాడు. ఎముకల్ని కీళ్ళ దగ్గర విడదీయడం రోజూ చేసే పనే అతనికి. బొటనవేలు వెనక్కి విరిచాడు. టక్‌మంది. అయిమే కింద కూలబడ్డాడు. నోట్లోంచి నీళ్ళలాంటిదేదో వచ్చింది.

ఓదీల్ వంగి అతని భుజం తట్టాడు. "ఈ ఏడు రంగు మాత్రమే వేస్తాం. ఒట్టు. నువ్వు చక్కగా బాగుచేసే ఉంటావు, ఇంకేం? ఇంటికెళ్ళు. వేలుకి చల్లనీళ్ళు పట్టించు."

ఇసుక తిరిగి పిట్టల పెట్టెలో పోశాడు. డబ్బా మాత్రం శుభ్రంగా తుడిచి ఇచ్చాడు.

ఇంట్లో భార్య నొయెల్లా వేలికి రెండు పుల్లలు కట్టి గుడ్డ చుట్టింది. ముప్పైయేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసింది. ఎలా విరిగిందని అడగలేదు. గుడ్డ చివర ముడివేస్తూ వేరే అడిగింది.

"పోయినేడు నువ్వు ఏం చూశావు అయిమే?"

"జెండా పడటం చూశాను."

"వాన్నెస్ పడకముందా, పడ్డాకా?"

అయిమే గుడ్డ వంక చూశాడు. "పడ్డాక. వాణ్ణి లేపడానికి ఫిర్మిన్ వంగాడు. అప్పుడు జెండా జారింది."

నొయెల్లా ముడి బిగించింది. అవసరం కన్నా గట్టిగా.

"మరి జెండా అని ఎందుకన్నావు?"

"పోలీసు ఏం జరిగిందన్నాడు. రాయి అనబోయాను. నోటికి ఇంకోటి వచ్చింది."

ఆమె కత్తెర పెట్టెలో పెట్టి మూతేసి లోపలికి వెళ్ళింది. ఆ రాత్రి అతనికి భోజనం వడ్డించలేదు. పొయ్యి మీద ఉంది, పెట్టుకోమంది.

శనివారం మధ్యాహ్నం అయిమే గుట్ట కింద నిలబడి చూశాడు. ఇరవైమంది మోకాళ్ళ మీద వంగి పేరు రాస్తున్నారు. పాటలు, బీరు. ఓదీల్ దూరం నుంచే కుంచె ఎత్తి ఊపి చూపించాడు. రంగు మాత్రమే అన్నట్టు. దగ్గరికి వెళ్ళి చూడొచ్చు. అయిమే వేలు సలుపుతోంది. అతను వెళ్ళలేదు.

*

ఆదివారం పదకొండింటికల్లా గుట్ట రెండు పక్కలా జనం మూడు వరసల లోతు నిలబడ్డారు. వేయించిన బంగాళాదుంపల వాసన, పొగ, బురద. సంఘంవాళ్ళంతా ఈసారి పై మలుపుకి వెళ్ళలేదు. గీనోతో పాటు పదిహేనుమంది ఫిర్మిన్ చోటుకి ఎదురుగా వచ్చి నిలబడ్డారు. కొందరి చేతుల్లో ప్లాస్టిక్ గ్లాసులున్నాయి. వాటిలో ఉన్నది బీరు కాదని వాసనే చెబుతోంది.

ఫిర్మిన్ కంచె లోపల, తన పొలంలో నిలబడ్డాడు. మంచి చేత్తో జెండా పట్టుకున్నాడు.

"ఏమోయ్ ఫిర్మిన్, ఇవాళ ఎవరిని పడేస్తావు?"

"పళ్ళెన్ని మిగిలాయో లెక్కపెట్టుకున్నావా?"

ఒక గ్లాసు ఎగిరి అతని ఛాతీ మీద పడి ఒలికింది. ఫిర్మిన్ కోటు తుడుచుకోలేదు. పక్కనున్న ఆడవాళ్ళు ముక్కులు మూసుకుని దూరం జరిగారు.

పన్నెండున్నరకి వాన మొదలైంది. సన్నగా, ఏటవాలుగా.

అయిమే సుత్తి కోటు లోపల పెట్టుకుని వచ్చాడు. ఇరవైఆరేళ్ళ అలవాటు. ఎడమ అంచున పేరు మీద నడుస్తూ మడమతో తొక్కాడు. మొదటి అక్షరం డబ్ల్యూ గట్టిగానే ఉంది. ఏ, ఎన్ కూడా. రెండో ఎన్ మీద మడమ కింద ఏదో ఊగింది. సుత్తి తీసి ఎడమ చేత్తో తట్టాడు.

గుల్ల.

వంగాడు. వాన నీరు అక్షరం అంచున రంగుని లేపేసింది. దాని కిందనుంచి తెల్లటి ఇసుక సన్నటి తాడులా కాలవలోకి జారిపోతోంది. పక్క రాళ్ళ సందులదీ అదే పని.

అతను తాడుకట్టు దగ్గరున్న పోలీసు దగ్గరికి పరిగెత్తాడు. "రాయి ఊగుతోంది! ఈ పక్క మూసేయండి!"

"మీరెవరు?"

"రాళ్ళు పరిచేవాణ్ణి. పురపాలక సంఘంలో."

"అయితే మీ ఆఫీసుకి ఫోన్ చేయండి. నాకు పై నుంచి మాట రావాలి." ఆదివారం ఆఫీసులో ఎవరుంటారో పోలీసుకీ తెలుసు. "వెనక్కి జరగండి. ఇరవై నిమిషాల్లో వచ్చేస్తారు."

అయిమే తిరిగొచ్చి రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రాయి పూర్తిగా తీసేసి గొయ్యి కనబడేలా చేస్తే వాన్నెస్ తప్పుకుంటాడు. సుత్తి మొన సందులో దూర్చి లేపబోయాడు. విరిగిన వేలు ఒప్పుకోలేదు.

"వాడేం చేస్తున్నాడ్రా? రాయి పీకుతున్నాడు!"

గీనో బూటు అతని పక్కటెముకల్లో దిగింది. సుత్తి ఎగిరి పోయింది. ఎవరో జుట్టు పట్టుకున్నారు, ఎవరో కాళ్ళు పట్టుకున్నారు. "ఇసుక..." అన్నాడు అయిమే. "మీరే పోశారు... చూడండి..." నోటిమీద పిడికిలి పడింది. ఊపి కాలవలోకి విసిరేశారు. మోకాలిలోతు నీళ్ళు, అడుగున బురద. లేవబోతే ఒక బూటు తల మీద ఆనింది. నీళ్ళు ముక్కుల్లోకి పోయాయి. పైన నవ్వులు.

బూటు తీశాక, దగ్గుతూ కంచె పట్టుకుని లేచాడు. ఇనపముళ్ళకి అవతల, మూరెడు దూరంలో ఫిర్మిన్ మొహం ఉంది.

"రాయే," అన్నాడు అయిమే. "పోయినేడు కూడా రాయే. నీ జెండా కాదు."

"నాకెందుకు చెబుతావు? నేనక్కడే ఉన్నాగా."

"మళ్ళీ ఇసుక పోశారు. వాడు ఎడమ పక్కనే వస్తాడు. ఈసారి మెడ విరుగుతుంది."

వాన ఫిర్మిన్ వాచిన పెదవి మీదినుంచి కారుతోంది.

"పడనీ," అన్నాడు.

అయిమే కంచె పట్టుకుని నిలబడ్డాడు. గుట్ట కిందనుంచి హెలికాప్టర్ మోత మొదలై, రాళ్ళలోంచి కాళ్ళలోకి పాకింది. అరుపులు కెరటంలా ఎక్కుతున్నాయి. మోటారుసైకిలు లైట్లు. ముగ్గురు రౌతులు. ఇద్దరు రోడ్డు నడిమి మిట్ట మీద వస్తున్నారు. మూడోవాడు ఎడమ అంచున, సీటు మీద నుంచి లేచి, నోరు తెరుచుకుని, తన పేరు వెతుక్కుంటున్నట్టు తలవంచి వస్తున్నాడు. వాన్నెస్. ఇరవైమూడేళ్ళు. మోకాళ్ళ మీద పిల్లలకుండేలాంటి పుండ్లు.

"చిన్నప్పుడు వాడికి పాలు పోసింది మా అమ్మ," అన్నాడు ఫిర్మిన్, అయిమేతో కాదు.

ముళ్ళకంచె మీద కాలు వేశాడు. ప్యాంటు చిరిగింది. కాలవ దాటాడు. రెండో 'ఎన్' మీద రెండు కాళ్ళూ వేసి నిలబడి, జెండాకర్రని గేటు మీద గడియలా అడ్డంగా పట్టుకున్నాడు.

జనం ఒక్కసారిగా అరిచారు. వాన్నెస్ తల ఎత్తాడు. పది గజాలు. హ్యాండిల్ కుడివైపు విరిచాడు. వెనకచక్రం జారింది, నిలబడింది. నడిమి మిట్ట మీదికి ఎక్కి, మిగతా ఇద్దరి వెనక చేరాడు. ఫిర్మిన్ పక్కనుంచి పోతూ ఉమ్మేశాడు. "నీ తల్లి! చంపేస్తా!" అన్న మాట గాలిలో ఆగిపోయింది.

అతను వెళ్ళిపోయాడు. సైకిల్ మీదే.

గీనో మొదట దూకాడు. అతని వెనక ఆరుగురు. ఫిర్మిన్‌ని రాతి మీదినుంచి గుంజి రోడ్డు మధ్యలో పడేశారు. కర్ర గీనో చేతికి వచ్చింది. వీపు మీద మూడుసార్లు కొట్టాడు, నాలుగోసారి కర్ర విరిగింది. ఒకడు కండువాలోని చెయ్యి తొక్కాడు. ఒకడు మోకాలు మెడ మీద పెట్టాడు. ఫిర్మిన్ అరవలేదు. రాళ్ళ మీద రక్తం వానతో కలిసి, తెల్ల అక్షరాల మీదికి పాకింది. అయిమే ఒకడి నడుం పట్టుకుని లాగాడు. మోచేత్తో కొడితే మళ్ళీ కింద పడ్డాడు.

ముగ్గురు రౌతుల వెనక రావాల్సిన ఫోటోగ్రాఫర్ మోటారుసైకిల్ అప్పుడు వచ్చింది. దారి మధ్యలో కొట్లాట. కుడిపక్క జనం. నడిపేవాడు హారన్ కొట్టి ఎడమ అంచుకి తిప్పాడు.

రెండో 'ఎన్' మీద ముందుచక్రం దిగింది. రాయి తిరగబడి పన్నులా లేచింది. బండి గాలిలో సగం తిరిగి, ఇద్దరితో సహా కాలవలో పడింది. ఇంజను ఇంకా అరుస్తోంది. నడిపేవాడి కాలు బండి కింద, ఉండకూడని వైపుకి తిరిగి ఉంది. అతను అరవడం మొదలుపెట్టాక ఆపలేదు.

మిగతావాళ్ళంతా ఆగారు.

ఫిర్మిన్ నలుగురి మోకాళ్ళ కింద, పది అడుగుల దూరంలో ఉన్నాడు. జెండా గీనో చేతిలో రెండు ముక్కలుగా ఉంది. అందరూ ఆ రెండింటినీ చూశారు. తర్వాత లేచిన రాయిని చూశారు. ఎవరో ఫిర్మిన్ మెడ మీదినుంచి మోకాలు తీశారు.

రౌతుల పెద్దగుంపు కుడి అంచునుంచి గలగలమంటూ వెళ్ళిపోయింది. వాళ్ళ వంక ఎవరూ చూడలేదు. ఏడాదంతా ఆ గుంపుకోసమే ఎదురుచూసినవాళ్ళే అందరూ.

పోలీసు పరిగెత్తుకొచ్చాడు. బండీ, ఫిర్మినూ, గీనో చేతిలోని కర్ర. చూపు అక్కడ ఆగింది.

"ఏం జరిగింది? జెండానా?"

గీనో అయిమే వైపు చూశాడు. అందరూ అయిమే వైపే చూశారు. పోయినేడు కూడా ఇలాగే చూశారు.

"రాయి," అన్నాడు అయిమే.

"ఏ రాయి?"

"నాది. పోయినేడు కూడా రాయే. నేను అబద్ధం చెప్పాను. ఇతను ఎవరినీ పడెయ్యలేదు." పైకి చెబుతుంటే నోట్లో రక్తం అడ్డొచ్చింది. ఉమ్మేసి మళ్ళీ చెప్పాడు, అందరికీ వినబడేలా. "ఫిర్మిన్ ఎవరినీ పడెయ్యలేదు."

గొయ్యి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, మంచి చెయ్యి లోపల పెట్టి, అడుగున మిగిలినదాన్ని గుప్పిట్లో పట్టి తీశాడు. పోలీసు అరచేతిలో పోశాడు. తడి ఇసుక. తెల్లగా మెరిసే గుల్లముక్కలు. పోలీసు ఈ ఊరివాడు కాదు, అర్థం కాలేదు. అరచెయ్యి చాచి జనానికి చూపించాడు. "ఇదేంటి? ఎవరికైనా తెలుసా?"

అందరికీ తెలుసు. ఒక్కొక్కరే తల తిప్పారు. మలుపు పక్కన, గొడుగు కింద, పిట్టపెట్టె మీద చెయ్యి ఆనించి నిలబడ్డ ఓదీల్ వైపు. అతను నోరు తెరిచాడు. జీవితంలో మొదటిసారి గొంతు పెంచాడు. "వాడికోసమే! వాడికోసమేగా!"

పెట్టెలో పిట్ట పాడింది. గీనో చేతిలోని కర్రముక్కల్ని ఎక్కడ పెట్టాలో తెలియక కిందికీ పైకీ చూశాడు. మెల్లిగా రాళ్ళ మీద, ఫిర్మిన్ పక్కన పెట్టాడు.

*

సోమవారం పొద్దున అయిమే ఒక్కడే ఉన్నాడు. ఉద్యోగం ఉంటుందో లేదో గురువారం చెబుతామన్నారు. అంతదాకా రాయి ఆగదు కదా.

విరిగిన వేలితో పని నెమ్మదిగా సాగింది. ఇసుకంతా చెంచాతో తోడేశాడు. కంకరపొడి పోసి అణిచాడు. దారం కట్టాడు. రాయిని మోకాళ్ళ మధ్య పట్టుకుని దింపాడు. సందుల్లో కంకర కూరుతుంటే, కంచె అవతల గడ్డిలో అడుగుల చప్పుడైంది.

ఫిర్మిన్. తల చుట్టూ కట్టు. ఒక కన్ను మూసుకుపోయింది. చెయ్యి ఈసారి పిండికట్టులో ఉంది. కంచె గుంజకి ఆనుకుని నిలబడ్డాడు. వాన్నెస్ మూడోస్థానంలో వచ్చాడని అతనికి తెలిసే ఉంటుంది. అయిమే చెప్పలేదు. క్షమించమని అడగబోయి, ఆ మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక సుత్తి అందుకున్నాడు. రాయి మీద కొట్టాడు.

ఖంగుమంది.

ఫిర్మిన్ తల కాస్త పక్కకి వంచి విన్నాడు.

"మళ్ళీ కొట్టు," అన్నాడు.

అయిమే కొట్టాడు.

"మళ్ళీ."

కొట్టాడు. సుత్తి అదురు కట్టు దాటి విరిగిన వేల్లోకి పాకింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఫిర్మిన్ గుంజ మీదినుంచి కదల్లేదు.

"మళ్ళీ."